బ్యాటరీ మీద ఇల్జామ్

కారు స్టార్ట్ కాలేదంటే మన ఇళ్లల్లో మొదట బద్నామ్ అయ్యేది బ్యాటరీ. గవాహీ అక్కర్లేదు, సబూత్ అక్కర్లేదు. తాళం తిప్పగానే ఇంజన్ మూలిగితే చాలు, ఇంట్లో ప్రతివాళ్లూ ఖాజీలే. బ్యాటరీ పోయిందని ఫైసలా ఇచ్చేస్తారు. కొత్తది వేస్తారు. రెండు వారాలు బాగానే నడుస్తుంది. మళ్లీ అదే మూలుగు. అప్పుడు ఇల్జామ్ సెల్ఫ్ మీదికి పోతుంది, అక్కడి నుంచి డైనమో మీదికి. ఇలా ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట అసలు దోషి దొరకొచ్చు. కాకపోతే అప్పటికి జేబులో ఏమీ మిగలదు.

హకీములు జబ్బు గుర్తుపట్టడాన్ని తష్ఖీస్ అంటారు. మా దాదా కాలంలో హకీం సాబ్ నబ్జ్ పట్టుకుని, నాలుక చూసి, నిన్న ఏం తిన్నావని అడిగి, ఆ తర్వాతే దవా రాసేవాడట. ఇప్పుడు మెకానిక్ షాపుల్లో చాలావాటిలో తష్ఖీస్ లేదు, దవాయే ఉంది. అది కూడా ఖరీదైన దవా నుంచే మొదలవుతుంది.

మా ఇంట్లో ఉన్నది 1998 మోడల్ మారుతి 800. కార్బొరేటర్ బండి. అబ్బా రిటైరయ్యాక సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ మొదటి బండి తాళాలు ఇచ్చిన రోజు నుంచి 2014 జనవరిలో తయారీ ఆగిపోయేదాకా ఈ దేశంలో మధ్యతరగతి వాళ్లకి కారు అంటే ఇదే. అబ్బా ఇంతఖాల్ అయ్యి ఆరేళ్లయింది. బండి ఉండిపోయింది. పాత కార్ల షౌక్ ఉండి దాచుకున్నది కాదు. అమ్మీకి వారానికి మూడుసార్లు డయాలసిస్. సోమ, బుధ, శుక్రవారాలు, పొద్దున్న ఆరు గంటల స్లాట్. ఫజర్ చదివి వెంటనే బయల్దేరాలి. వన్‌టౌన్‌లో ఆ వేళకి ఆటో దొరకదని కాదు, దొరుకుతుంది. కానీ నాలుగు గంటలు మిషన్ మీద ఉండి వచ్చిన మనిషి ఆటోలో నిటారుగా కూర్చోలేదు. ముందు సీటు వెనక్కి వాల్చి పడుకోబెట్టి తీసుకురావాలి.

రెండు నెలల్లో మూడుసార్లు బండి మొరాయించింది. మూడుసార్లూ డయాలసిస్ రోజే, మూడుసార్లూ చీకటి ఉండగానే. ఒకసారి స్లాట్ తప్పిపోయింది. ఆ రోజు అమ్మీకి మధ్యాహ్నం దాకా మిషన్ దొరకలేదు, సాయంత్రానికి కాళ్లు ఉబ్బిపోయాయి.

ఆ రాత్రి ఇంట్లో మష్వరా. బాజీ బండి అమ్మేయమంది. దానికీ వజహ్ ఉంది: ఇంకొన్ని నెలల్లో రీ-రిజిస్ట్రేషన్ గడువు, ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000కి పెరిగింది. దాని మీద గ్రీన్ టాక్స్, ఫిట్‌నెస్. కబాడీవాడు ఇచ్చేది ఆ ఖర్చులకి కాస్త ఎక్కువ, అంతే. మరి కొత్త బండి? మా తాహత్తుకి కొత్త బండి అంటే బ్యాంకు లోను, లోను అంటే సూద్. అబ్బా ఉన్నన్నాళ్లూ ఆ మాట గడప దాటి లోపలికి రానివ్వలేదు. ఇప్పుడు అమ్మీ రానివ్వదు. "నా రక్తం కడిగించుకోవడానికి సూద్ బండిలో వెళ్లాలా?" అంది. ఆ మాటకి జవాబు మా దగ్గర ఎవరికీ లేదు. కాబట్టి ఉన్న బండిలో రోగం ఏమిటో తేల్చాల్సిందే.

అప్పటికే చోటా భాయ్ ఒక షాపులో 3,900 పెట్టి కొత్త బ్యాటరీ వేయించి ఉన్నాడు. మళ్లీ ఆగాక రెండో షాపువాడు సెల్ఫ్ మొత్తం మార్చాలి, 4,500 అవుతుందన్నాడు. బండి వాళ్ల దగ్గరికి పగలు వెళ్లింది. పగలు, వేడెక్కిన ఇంజన్‌తో, అది తాళం తిప్పగానే లేచేది. అంటే మరజ్ కళ్లారా చూడకుండానే ఇద్దరూ దవా రాశారు.

జ్ఞానాపురం వైపు ఒక సందులో ఒక ఉస్తాద్ ఉన్నారు. వయసు డెబ్భైకి దగ్గర. ఆటో ఎలక్ట్రీషియన్. మెకానిక్ కాదు, ఆ తేడా ఆయన పట్టింపుగా చెబుతారు. పదకొండో ఏట పానాలు అందించడంతో మొదలుపెట్టి అంబాసిడర్లు, ఫియట్లు, పోర్టు లారీలు అన్నీ చూశారు. బడి మొహం చూడలేదు, మదర్సాలో నేర్చుకున్న ఉర్దూ ఒక్కటే చదవగలరు, రాయగలరు. ఏ బండికి ఏ రోగం వచ్చిందో, ఏ దారిన దొరికిందో ఒక రిజిస్టర్‌లో రాసుకుంటారు. సోలినాయిడ్, ఆర్మేచర్, కటౌట్ లాంటి మాటలన్నీ నస్తాలీఖ్‌లో కుడి నుంచి ఎడమకి నడుస్తుంటాయి. నేను ఉర్దూ మీడియంలో సైన్సు చదివినప్పుడు కరెంటుని బర్ఖీ రౌ అనేవాళ్లం. ఆయన రిజిస్టర్‌లో కరెంట్ కరెంటే. ఎవరి ఉర్దూ బతికున్నదో చెప్పడం కష్టమేమీ కాదు.

నేను వెళ్లేసరికి ఆయన బానెట్ తెరవమనలేదు. "పహలే పూఛో, బేటా. ఫిర్ ఖోలో," అన్నారు. ముందు అడుగు, తర్వాత తెరువు. ఎప్పుడు ఆగుతుంది? రాత్రి నిలిపి ఉంచాకా, నడిచి వచ్చాకా? వాన పడిందా? తోస్తే లేస్తుందా? ఈ నెలలో బండిలో ఏమైనా కొత్తగా పెట్టించారా? విలేకరిగా నాకు పాతికేళ్లు నిండబోతున్నాయి. ఇంత తీరుగా ప్రశ్నలు వేసేవాళ్లని ప్రెస్ మీట్లలో తక్కువగా చూశాను.

తోస్తే లేస్తుంది అన్నాను. ధక్కా పెట్టి సెకండ్ గేర్‌లో క్లచ్ వదిలితే వెంటనే అందుకుంటుంది. "అయితే కాయిల్, ప్లగ్గులు, పెట్రోలు బరీ," అన్నారు. ఒక్క జవాబుతో సగం ముల్జిమ్‌లు విడుదలయ్యారు.

తర్వాత సవాల్ శబ్దం గురించి. తాళం తిప్పినప్పుడు వచ్చే శబ్దమే సగం తష్ఖీస్ అంటారాయన. టకటకటక అని వరసగా కొట్టుకుంటే చాలినంత కరెంటు అందడం లేదు. సోలినాయిడ్ లాగుతుంది, లాగగానే ఓల్టేజీ పడిపోయి వదిలేస్తుంది, మళ్లీ లాగుతుంది. ఒకేసారి ఠక్ అని ఊరుకుంటే సోలినాయిడ్ తన పని చేసింది, మోటారు తిరగలేదు. లోపల కార్బన్ బ్రష్షులు అరిగి ఉండొచ్చు, లేదా లావు వైర్లలో ఎక్కడో అడ్డం ఉండొచ్చు. ఏ చప్పుడూ లేకపోతే కరెంటు సోలినాయిడ్ దాకా చేరనే లేదు. తాళం స్విచ్చి, ఫ్యూజు, ఆ సన్న వైరు చూసుకోవాలి. మోటారు ఒక్కటే గిర్రున తిరిగి ఇంజన్ కదలకపోతే పినియన్ పళ్లు పట్టుకోలేదు. ఇంజన్ హాయిగా తిరుగుతూనే ఉండి అందుకోకపోతే సెల్ఫ్ బేకసూర్, అప్పుడు నిప్పురవ్వ వైపు, పెట్రోలు వైపు వెళ్లాలి. మాది నెమ్మదిగా ఒక మూలుగు మూలిగి ఆగిపోయే రకం. ఒక్కోసారి టకటక.

"బండిలో రోజూ కూర్చునేదెవరు?" అని అడిగారు. అమ్మీ అన్నాను. "ఆపాని అడిగారా?"

ఎవరూ అడగలేదు. రెండు షాపులవాళ్లూ అడగలేదు. అక్కడి నుంచే ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. అమ్మీ తడుముకోకుండా చెప్పింది: తాళం తిప్పినప్పుడల్లా డ్యాష్‌బోర్డు దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంది, లైట్లు మాత్రం బాగానే వెలుగుతాయి. ఇంకో మాట కూడా చెప్పింది. ఎవరైనా అడుగుతారేమోనని చూశానంది.

ఉస్తాద్ లేచి వచ్చి డ్రైవర్ సీట్లో కూర్చున్నారు. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకుని, ఇంజన్ అందుకోకుండా కాయిల్ వైరు ఊడదీసి, నాలుగు సెకన్లు సెల్ఫ్ కొట్టారు. ఆగి, మళ్లీ కొట్టారు. తర్వాత చోక్ పిడి పట్టుకుని నా చెయ్యి దాని మీద పెట్టారు. వెచ్చగా ఉంది. ఇనప తీగ తప్ప ఇంకేమీ లేని చోక్ కేబుల్ వేడెక్కడమేమిటి?

ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి, అసలు విషయం ఇదే కనుక. కరెంటు బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరి మోటారు తిప్పి అక్కడితో అయిపోదు. తిరిగి మైనస్‌కి రావాలి. బండిలో రెండో వైరు ఉండదు. ఇంజన్, బాడీ, వాటిని మైనస్‌తో కలిపే లావు ఎర్త్ వైరు, ఇవే వాపసీ దారి. హెడ్‌లైట్ దీపం ఒక్కొక్కటి నాలుగైదు ఆంపియర్లు తాగుతుంది. సెల్ఫ్ అలా కాదు, చిన్న కారుకి కూడా నూరు ఆంపియర్లు పైమాటే. ఎర్త్ వైరు సగం తెగి ఉన్నా దీపాలకి సరిపోతుంది, లైట్లు ధగధగా వెలుగుతాయి, చూసేవాళ్లు అంతా బాగుందనుకుంటారు. సెల్ఫ్ కొట్టినప్పుడు మాత్రం ఆ నూరు ఆంపియర్లకి రాజమార్గం మూసుకుపోయి ఉంటుంది. దాంతో ఇంజన్ నుంచి బాడీకి లోహంతో కలిసిన ఏ సందు దొరికితే ఆ సందులోంచి వెళుతుంది. ఎక్కువగా దొరికేవి చోక్ కేబుల్, ఆక్సిలరేటర్ కేబుల్. అవి దానికోసం చేసినవి కావు. వేడెక్కుతాయి. పైనున్న ప్లాస్టిక్ తొడుగు మాడుతుంది. అమ్మీ ముక్కుకి అందింది ఆ వాసనే.

అనుమానం సరే, సబూత్ కావాలి కదా. మీటర్ తీశారు. ఇంటర్ చదివే మా బేటీని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లాను, అంకెలు తనే రాసుకుంది. బండి ఊరికే ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 ఓల్టులు. అంటే నిండుగా ఉంది. 12.2 దగ్గరుంటే సగం ఖాళీ అని, 12 కంటే కిందికి పోతే ముందు చార్జింగ్ పెట్టాకే మిగతా మాట అని ఉస్తాద్ లెక్క. సెల్ఫ్ కొడుతుండగా చూస్తే 11.8. ఇది వింత. సెల్ఫ్ గట్టిగా లాగితే బ్యాటరీ పదిన్నర దాకా దిగాలి. దిగడం లేదంటే ఎవరో దాన్ని లాగనివ్వడం లేదు.

అప్పుడు చేసిన పరీక్ష మీ ఇళ్లల్లో మీటర్ ఉన్నవాళ్లు ఎవరైనా చేయొచ్చు. మీటర్ డీసీ ఓల్టుల్లో పెట్టి, ఒక కొస బ్యాటరీ మైనస్ బుడిపె మీద, రెండో కొస ఇంజన్ లోహం మీద ఆనించాలి. క్లాంపు మీద కాదు, సీసపు బుడిపె మీదే. ఒకరు సెల్ఫ్ కొట్టాలి. దారి శుభ్రంగా ఉంటే అర ఓల్టు లోపే చూపించాలి, 0.2 దగ్గరుంటే మంచిది. మాకు 4.1 చూపించింది. అదే పరీక్ష ప్లస్ వైపు, బుడిపె నుంచి సెల్ఫ్ బోల్టు దాకా చేస్తే 0.3. అంటే 11.8 ఓల్టుల్లో నాలుగు వాపసీ దారిలోనే కాలిపోతున్నాయి, సెల్ఫ్‌కి దక్కేది ఏడున్నర. ఏడున్నర ఓల్టులకి ఏ సెల్ఫ్ తిరుగుతుంది? 4,500 పెట్టి కొత్తది వేసినా ఇలాగే మూలిగేది.

బేటీ ఒక సవాల్ వేసింది: వైరు పాడైందో లేదో ఓమ్ మీటర్‌తోనే చూడొచ్చు కదా, ఇంత తతంగం దేనికి? దానికి జవాబు మా దుల్హాభాయ్ తర్వాత ఇంటి దగ్గర చెప్పారు. ఆయన స్టీల్ ప్లాంట్‌లో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో రిటైరయ్యారు. ఓమ్ మీటర్ చిటికెడు కరెంటు పంపి చూస్తుంది. వంద పోగుల్లో ఒక్కటి మిగిలినా దానికి దారి బాగున్నట్టే. ఇక్కడ అడ్డం 0.07 ఓమ్ చుట్టుపక్కల ఉంటుంది, మీటర్ తీగల అడ్డమే అంతకంటే ఎక్కువ. "మనిషి నడిస్తే వంతెన నిలుస్తుంది. లారీ ఎక్కించి చూడాలి," అన్నారు. కరెంటు పారుతున్నప్పుడు ఓల్టేజీ ఎక్కడ పోతోందో చూడటమే ఆ లారీ.

ఇంకా ఏ సామానూ కొనలేదు. ఉస్తాద్ ఒక బూస్టర్ కేబుల్ తీసి బ్యాటరీ మైనస్ నుంచి తిన్నగా ఇంజన్ మీది బోల్టుకి తగిలించారు. అంటే పాత దారి పక్కనే తాత్కాలికంగా కొత్త దారి. కాయిల్ వైరు పెట్టి తాళం తిప్పితే అర సెకనులో లేచింది. మాషాఅల్లాహ్ అన్నది బేటీ. ఆయన మాత్రం మీటర్ చూడు అన్నారు. మళ్లీ సెల్ఫ్ కొడితే ఇప్పుడు బ్యాటరీ 10.7. ముందు 11.8 కదా, తగ్గిందేమిటని పిల్ల కంగారు. ఇప్పుడు సెల్ఫ్ కడుపునిండా తాగుతోంది, అందుకే తగ్గింది. తగ్గడమే సెహత్.

పాత వైరు విప్పితే పైకి శుభ్రంగా ఉంది. నల్ల తొడుగు చెక్కుచెదరలేదు. కట్టర్‌తో చీలిస్తే లోపల రాగి పోగులు పచ్చగా, పొడిపొడిగా రాలాయి. లగ్ దగ్గర మొదలైన పచ్చదనం జానెడు లోపలికి పాకింది.

ఇది విశాఖలో ఉండేవాళ్లకి మామూలు జబ్బు, అందుకే ఇంత చెబుతున్నాను. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. ఉప్పు తేమ రాగి లగ్గుకి, ఇనప బోల్టుకి, అల్యూమినియం గేర్‌బాక్సుకి మధ్య చేరితే అక్కడే ఒక చిన్న బ్యాటరీ తయారవుతుంది. ఒక లోహం ఇంకో లోహాన్ని తినేస్తుంది. హార్బర్‌లో పడవల కింద జింకు దిమ్మలు బిగించడం చూసే ఉంటారు. పడవ బదులు ఉప్పునీరు ఆ జింకుని తింటుందని. ఒక రకంగా పడవ సద్ఖా. కారుకి ఆ సద్ఖా లేదు, ఆ అతుకులే బలవుతాయి. దర్గా కొండ కింద, కోటవీధిలో, సింధియా వైపు, బీచ్ రోడ్డులో రాత్రుళ్లు బయట నిలిపే బండ్లలో ఇది ఎక్కువ. తెల్లవారుజామున తేమ పట్టి, ఇంజన్ ఆయిలు చిక్కగా ఉండి, సెల్ఫ్‌కి ఎక్కువ బలం కావాల్సిన వేళకే దారి మూసుకుపోతుంది. మా బండి ఫజర్ వేళే మొరాయించి, జొహర్ వేళకి ఏమీ ఎరగనట్టు లేవడానికి కారణం ఇది.

కొత్త వైరు, రెండు లగ్గులు, ఆయన మజ్దూరీ కలిపి 350 రూపాయలు. బోల్టు కూర్చునే చోట రంగు, తుప్పు పోయి లోహం మెరిసేదాకా ఉప్పు కాగితంతో రుద్దారు. బిగించాక పైన వ్యాజ్‌లైన్ పూశారు. ముందు పూయకూడదట, బిగించాకే. టెర్మినళ్ల మీద తెల్లపొడి ఉంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి కడగమన్నారు. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ ముందు ఊడదీయాలి, బిగించేటప్పుడు మైనస్ ఆఖరున. వరస తప్పితే పానా బాడీకి తగిలి నిప్పులు కురుస్తాయి. చార్జింగ్ అయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, దగ్గర బీడీ వద్దు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి డైనమో పని చేస్తోందో లేదో చూసే పాత అలవాటు కొందరికి ఇంకా ఉంది. అది డయోడ్లని చంపుతుంది. మీటర్ పెడితే చాలు. ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 దాకా ఉండాలి.

ఇంకో చిన్న కసర్ కూడా దొరికింది. బండి ఆపేసి, తాళం తీసేసి, మైనస్ తీగకీ బుడిపెకీ మధ్య మీటర్‌ని ఆంపియర్లలో పెడితే 0.4 చూపించింది. ఇంత పాత బండి నిద్రపోయేటప్పుడు 0.05 లోపే తాగాలి. ఫ్యూజులు ఒక్కొక్కటి పీకుతూ పోతే చోటా భాయ్ పెట్టించిన మ్యూజిక్ సిస్టం దగ్గర ఆగింది. 35 ఆంపియర్-అవర్ బ్యాటరీని అది మూడున్నర రోజుల్లో ఖాళీ చేస్తుంది, లెక్క బేటీదే. మీటర్ అలా ఉన్నప్పుడు మాత్రం పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టొద్దు, మీటర్ లోపలి ఫ్యూజు ఎగిరిపోతుంది.

ఉస్తాద్ దగ్గర ఇప్పుడు షాగిర్దులు లేరు. ఇద్దరు కొడుకులూ గల్ఫ్‌లో ఉన్నారు. కొత్త బండ్లకి కంప్యూటర్ తగిలించి కోడ్ చదువుతారు కదా, మీ పని ఏమవుతుందని అడిగాను. స్కానర్ ఏ బల్లలోంచి ఫిర్యాదు వచ్చిందో చెబుతుందట, తప్పు ఎవరిదో చెప్పదట. ఎర్త్ పాడైన బండికి స్కానర్ పెడితే పది కోడ్‌లు చూపించి పది సామాన్లు మార్పిస్తుందన్నారు. అందులో రోషం ఎంత, నిజం ఎంత అని దుల్హాభాయ్‌ని అడిగాను. నిజమే ఎక్కువన్నారు.

అబ్బా బండితో వచ్చిన హ్యాండిల్ ఏమైనా ఉందా అని కూడా అడిగారు ఉస్తాద్. మారుతికి హ్యాండిల్ ఏమిటన్నాను. నవ్వారు. ఆయన మొదలుపెట్టిన రోజుల్లో అంబాసిడర్‌కి ముందు రంధ్రంలో హ్యాండిల్ పెట్టి తిప్పి లేపేవాళ్లు, వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది. ఆయన ఎడమ మణికట్టు ఇప్పటికీ కాస్త వంకర. చార్లెస్ కెట్టరింగ్ చేసిన సెల్ఫ్ 1912 మోడల్ కాడిలాక్‌లో వచ్చేసింది, జ్ఞానాపురం కుర్రాడి చెయ్యి ఆ తర్వాత అరవై ఏళ్లకి కూడా విరిగింది.

రీ-రిజిస్ట్రేషన్‌కి కాగితాలు పెట్టాం. ఐదేళ్లకి. బాజీ ఇంకా సణుగుతూనే ఉంది. పాత వైరుని పారేయొద్దని ఉస్తాద్ చెప్పారు, డ్యాష్‌బోర్డు అరలో పెట్టాను. ఎవరైనా సెల్ఫ్ మార్చాలంటే ముందు ఇది చూపించి మాట్లాడమన్నారు. కాలిన చోక్ కేబుల్ ఒకటి మార్చాల్సి ఉంది. అంతవరకూ ఆ పిడి ముట్టుకోవద్దని అమ్మీకి చెబితే, వేడి లేదు, వాసనా లేదు, నేను రోజూ చూస్తూనే ఉన్నానంది.